గ్రేస్ చిత్తరువు: కాన్వాస్ మీద పెద్దమనిషి, పద్దులో డబ్బు

లండన్‌లోని లార్డ్స్ మైదానం మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ సొత్తు. ఎం.సి.సి. అని అందరూ పిలిచే ఆ క్లబ్ దగ్గర క్రికెటర్ల చిత్తరువులు చాలానే ఉన్నాయి. వాటిలో బాగా పేరుపడింది డబ్ల్యు.జి. గ్రేస్‌ది. ఆర్చిబాల్డ్ స్టువర్ట్-వార్ట్లీ అనే చిత్రకారుడు 1890లో నూనెరంగులతో వేసిన ఈ పటాన్ని ఎం.సి.సి. ప్రత్యేకంగా చెప్పి వేయించుకుంది. అప్పటికి గ్రేస్ నలభై దాటిన మనిషి. వృత్తికి డాక్టరు. క్రికెట్‌లో మాత్రం ఆయన హోదా అమెచ్యూర్, అంటే కూలి తీసుకోకుండా సరదాకి ఆడే పెద్దమనిషి. చిత్రాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ చివరి ముక్కను కాస్త అనుమానంగా చూడాలి.

ముందు పటంలో ఏముందో చూద్దాం. గ్రేస్ వికెట్ల ముందు బ్యాటు పట్టుకుని బంతి కోసం కాచుకుని ఉన్నాడు. భారీ మనిషి, ఛాతీ మీదికి దిగిన నల్లటి గడ్డం, తెల్లటి దుస్తులు. తల మీద ఎం.సి.సి. రంగులైన ఎరుపు, పసుపు చారల టోపీ. ఎడమ కాలి మడమ నేలకు ఆని ఉంటే ముందు భాగం పైకి లేచి ఉంది. బౌలర్ పరుగెత్తి వచ్చేటప్పుడు కాలి వేళ్ల వైపు ఎత్తిపెట్టడం గ్రేస్‌కు అలవాటు. చిత్రకారుడు ఆ అలవాటును వదిలిపెట్టలేదు. పటం మొత్తంలో కదలిక అంటూ ఉంటే ఆ పాదంలోనే ఉంది.

బ్యాట్స్‌మన్‌ను బొమ్మ వేయాలంటే షాటు కొడుతుండగా వేయాలని ఇవాళ ఎవరికైనా తోస్తుంది. స్టువర్ట్-వార్ట్లీ కొట్టడానికి ముందు క్షణాన్ని ఎంచుకున్నాడు. దీనికి రెండు కారణాలు కనిపిస్తాయి. 1890 నాటి క్రికెట్ ఫొటోలు దాదాపు అన్నీ ఆటగాణ్ణి కెమెరా ముందు కదలకుండా నిలబెట్టి తీసినవే. నిజంగా షాటు కొడుతున్న బ్యాట్స్‌మన్ శరీరం ఎలా వంపు తిరుగుతుందో జనానికి ఫొటోలో చూపించింది జార్జ్ బెల్డమ్. ఆయన పుస్తకం వచ్చింది 1905లో. కాబట్టి చిత్రకారుడు చూసి వేసుకోదగ్గ నమూనా ఏదీ లేదు. రెండో కారణం చిత్తరువు మర్యాద. ఆ కాలపు చిత్తరువులో మంత్రి అయినా, జడ్జి అయినా, జమీందారు అయినా నిలకడగానే ఉండాలి. మన దివాణాల్లో వేలాడే తైలవర్ణ చిత్రాలు చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు: తలపాగా, నడుముకు కత్తి, ఒక చెయ్యి కుర్చీ మీద, ముఖంలో రవ్వంత కదలిక ఉండదు. గ్రేస్ పటంలో కుర్చీ స్థానంలో వికెట్లు, కత్తి స్థానంలో బ్యాటు వచ్చాయి. మర్యాద మాత్రం అదే.

గ్రేస్ పుట్టింది 1848 జూలై 18న, బ్రిస్టల్ నగరం పక్కనున్న డౌనెండ్ ఊళ్లో. కందుకూరి వీరేశలింగం, చిత్రకారుడు రాజా రవివర్మ పుట్టింది కూడా ఆ ఏడాదే. 1873లో మద్రాసు చిత్రకళా ప్రదర్శనలో రవివర్మ బంగారు పతకం గెలిచేనాటికి గ్రేస్ ఇంగ్లండులో అందరికంటే పేరున్న క్రీడాకారుడు. 1871లో ఆయన ఒక్క సీజన్‌లోనే 2,739 పరుగులు చేశాడు. సగటు 78 పైన. గుంటలు, గులకరాళ్లు ఉన్న ఆనాటి పిచ్‌ల మీద మంచి బ్యాట్స్‌మన్ సగటు ఇరవై దాటితే గొప్ప. 1876 ఆగస్టులో ఎనిమిది రోజుల వ్యవధిలో 344, 177, 318 నాటౌట్ కొట్టాడు. బంతి వెయ్యడంలోనూ గట్టివాడే. ముందుకు వచ్చి ఆడటం, వెనక్కి తగ్గి ఆడటం రెండింటినీ ఒకే బ్యాట్స్‌మన్ సమానంగా వాడుకోవచ్చని చూపించింది ఆయనే. ఇవాళ ఏ కోచింగ్ క్యాంపులోనైనా మొదటి వారం నేర్పేది అదే.

చిత్రకారుడి సంగతి కూడా కొంత తెలియాలి. స్టువర్ట్-వార్ట్లీ (1849–1905) రంగులమ్ముకుని బతికే కుటుంబం నుంచి రాలేదు. తాత ప్రభువు, తండ్రి పార్లమెంటు సభ్యుడు, న్యాయశాఖలో పెద్ద పదవి చేసినవాడు. ఆర్చిబాల్డ్ ఆ కాలపు ప్రసిద్ధ చిత్రకారుడు జాన్ మిల్లే దగ్గర కొంత నేర్చుకున్నాడు. వేటలో ఆరితేరినవాడు, పిట్టల వేట మీద పుస్తకాలు రాశాడు. గ్రేస్ బొమ్మ వేసిన మరుసటి ఏడాది, 1891లో, చిత్తరువు చిత్రకారుల సంఘం ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. ఎం.సి.సి. సభ్యులు కూర్చునే బల్ల దగ్గర ఆయనకు సులువుగా చోటు దొరుకుతుంది. క్లబ్‌కు కావలసింది కూడా అలాంటివాడే. గ్రేస్‌ను జనం మధ్యనున్న వీరుడిగా కాక తమలో ఒకడిగా చూపించగలవాడు కావాలి.

జనం మధ్యనున్న గ్రేస్ ఎలా ఉంటాడో చూపించే బొమ్మలు అప్పటికే వచ్చాయి. వ్యానిటీ ఫెయిర్ పత్రిక 1877లో గ్రేస్ వ్యంగ్యచిత్రం వేసింది. గీసినవాడు 'స్పై' అనే పేరుతో ప్రసిద్ధుడైన లెస్లీ వార్డ్. 1887లో బారబుల్, స్టేపుల్స్ అనే ఇద్దరు కలిసి లార్డ్స్‌లో ఇంగ్లండు, ఆస్ట్రేలియాల మధ్య జరిగినట్టు ఊహించిన ఒక పెద్ద మ్యాచ్ చిత్రం వేశారు. అందులో కళ్లకు ముందు కనిపించేది ప్రేక్షకులు. యువరాజు, యువరాణి, నటి లిల్లీ లాంగ్‌ట్రీ, పట్టు గొడుగులు, టోపీలు ముందు వరసలో ఉంటాయి. ఆట వెనక ఎక్కడో చిన్నగా సాగుతుంటుంది. నాటి ఉన్నత సమాజానికి క్రికెట్ మైదానం దేనికి పనికొచ్చేదో ఆ చిత్రం చెప్పినంత నిజాయితీగా ఏ వ్యాసమూ చెప్పదు. 1890 నాటి చిత్తరువులో జనాన్ని తీసేశారు. గ్రేస్ ఒక్కడే మిగిలాడు.

ఇక అమెచ్యూర్ సంగతి. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో క్రికెటర్లు రెండు జాతులు. డబ్బు తీసుకుని ఆడేవారు ప్రొఫెషనల్స్: గని కార్మికులు, నేతపనివాళ్లు, తోటమాలుల పిల్లలు. ఆస్తిపాస్తులో మంచి వృత్తో ఉండి తీరిక వేళ ఆడేవారు అమెచ్యూర్లు. ఒకే జట్టులో ఆడినా బట్టలు మార్చుకునే గదులు వేరు, మైదానంలోకి వచ్చే గేట్లు చాలాచోట్ల వేరు, రైలు పెట్టెలు వేరు, హోటళ్లు వేరు. కెప్టెన్ అమెచ్యూరే అయి ఉండాలన్నది రాయని నియమం. స్కోరు కార్డులో అమెచ్యూర్ పేరుకు ముందు మిస్టర్ అనో, పొట్టి అక్షరాలో ఉండేవి. ప్రొఫెషనల్‌కు ఇంటిపేరు ముందు, పొట్టి అక్షరాలు వెనక. 1950లో ఫ్రెడ్ టిట్మస్ అనే కుర్ర ప్రొఫెషనల్ లార్డ్స్‌లో ఆడటానికి వస్తే, కార్డులో ఆయన పొట్టి అక్షరాలు పొరపాటున ముందు పడ్డాయని, వెనక ఉన్నట్టు చదువుకోవాలని మైకులో సవరణ చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అయిదేళ్లయిన తర్వాతి మాట ఇది!

ఈ రెండు వర్గాలకూ ఏటా పోటీ జరిగేది. 'జెంటిల్మెన్ – ప్లేయర్స్' పేరుతో 1806లో మొదలై 1962 దాకా సాగింది. గ్రేస్ రాకముందు చాలా ఏళ్లు ప్లేయర్స్‌దే పైచేయి. రోజూ అదే పని చేసేవాళ్లను వారానికోసారి ఆడేవాళ్లు గెలవడం కష్టమే కదా. 1865లో పదహారేళ్ల గ్రేస్ జెంటిల్మెన్ జట్టులో చేరాక ఆ లెక్క తిరగబడింది. పెద్దమనుషుల పరువు నిలబెట్టినవాడంటూ ఒకడున్నాడు. అతడి మీద ఎం.సి.సి.కి అంత ప్రేమ ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. 1869లో క్లబ్ ఆయనకు సభ్యత్వం ఇచ్చింది. గ్రేస్ తండ్రి పల్లెటూరి వైద్యుడు. ఎస్టేటు లేదు, ఈటన్, ఆక్స్‌ఫర్డ్ చదువులు లేవు. అలాంటి కుటుంబం నుంచి వచ్చినవాడికి ఎరుపు పసుపు టోపీ పెట్టడం క్లబ్‌కూ ఆయనకూ ఇద్దరికీ లాభసాటి బేరం.

లాభం అన్నది ఇక్కడ వట్టి మాట కాదు. గ్రేస్ క్రికెట్ మీద సంపాదించినంత డబ్బు ఆ కాలంలో ఏ ప్రొఫెషనల్ కూడా సంపాదించలేదు. 1873–74లో ఆస్ట్రేలియాకు జట్టును తీసుకెళ్లినందుకు ఆయనకు ముట్టింది 1,500 పౌండ్లు, ఖర్చులు అదనం. అప్పుడే పెళ్లయిన భార్య ఆగ్నెస్‌ను కూడా వెంటబెట్టుకెళ్లాడు. హనీమూన్ ఆ లెక్కలోనే గడిచిపోయింది. అదే ఓడలో రెండో తరగతిలో ప్రయాణించిన ప్రొఫెషనల్స్‌కు తలా 170 పౌండ్లు. 1891–92లో షెఫీల్డ్ ప్రభువు ఆస్ట్రేలియా యాత్ర పెట్టినప్పుడు గ్రేస్ రుసుము 3,000 పౌండ్లు. ఆయన లేనప్పుడు రోగులను చూసే డాక్టరు జీతం, భార్యాపిల్లల ప్రయాణం దానికి అదనం. ఆ యాత్ర చివర షెఫీల్డ్ ప్రభువు ఆస్ట్రేలియా క్రికెట్‌కు ఇచ్చిన విరాళం 150 పౌండ్లు. నేటికీ ఆడుతున్న షెఫీల్డ్ షీల్డ్ పోటీ దానితోనే వచ్చింది. గ్రేస్ ఒక్కడికి ఇచ్చిన దాంట్లో ఇరవయ్యో వంతు.

ఎం.సి.సి.కి ఈ సంగతులన్నీ తెలుసు. క్రికెట్ మైదానంలో చేసిన సేవకు పెద్దమనిషి లాభం తీసుకోరాదని క్లబ్ 1870ల చివర్లో ఒక నియమం పెట్టింది. ఇంచుమించు అదే సమయంలో, 1879 జూలైలో, లార్డ్స్ మైదానంలోనే గ్రేస్‌కు సత్కారం జరిగింది. చందాల రూపంలో పోగైన 1,458 పౌండ్లు, ఒక పాలరాతి గడియారం ఇచ్చారు. ఆ డబ్బు వైద్యశాల పెట్టుకోవడానికని చెప్పుకున్నారు. నిజానికి ఆయన డాక్టరు పరీక్షలు ముగించింది ఆ తర్వాత నవంబరులో. చదువు మొదలుపెట్టి పదేళ్లు దాటింది. మధ్యలో క్రికెట్ అడ్డం వచ్చింది. 1895లో మరో వసూలు జరిగింది. డెయిలీ టెలిగ్రాఫ్ పత్రిక తలా ఒక షిల్లింగు ఇవ్వమని పాఠకులను అడిగితే జనం విరగబడి ఇచ్చారు. అన్ని నిధులూ కలిపి 9,000 పౌండ్లు దాటాయి. ఆనాడు ఒక ప్రొఫెషనల్‌కు కౌంటీ మ్యాచ్‌కు దొరికేది సుమారు 5 పౌండ్లు.

ఈ ద్వంద్వనీతి ఒక్కసారి మాత్రం బయట పడింది. 1896 ఆగస్టులో ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియాతో టెస్టుకు ముందు లోమన్, గన్, ఏబెల్, హేవార్డ్, రిచర్డ్‌సన్ అనే అయిదుగురు ప్రొఫెషనల్స్ తమకిచ్చే 10 పౌండ్లను 20 చేయమని అడిగారు. అమెచ్యూర్లకు 'ఖర్చుల' పేరుతో ఎంతెంత ఇస్తున్నారో చెప్పండని పత్రికలు గోల పెట్టాయి. ఆ మైదానాన్ని నడిపే సర్రే కౌంటీకి చివరికి ప్రకటన చేయక తప్పలేదు: లండన్ వచ్చి మూడు రోజులు ఉండటానికి డాక్టర్ గ్రేస్‌కు మ్యాచ్‌కు 10 పౌండ్లు మాత్రమే ఇస్తున్నామని. అయిదుగురిలో ముగ్గురు వెనక్కి తగ్గి ఆడారు. లోమన్, గన్ ఆడలేదు. మ్యాచ్ ఇంగ్లండే గెలిచింది, కెప్టెన్ గ్రేస్. గ్రేస్ మీద కోపగించుకోవడం తేలిక. కానీ జనం ఎవర్ని చూడటానికి డబ్బిచ్చి వచ్చేవారో అతడికి వాటా ముట్టడంలో అన్యాయమేమీ లేదు. అన్యాయం అతడికి ఇచ్చినదాంట్లో కాదు, దాన్ని ఖర్చు అని పిలిచి మిగతావాళ్లను పది పౌండ్ల దగ్గర ఆపేయడంలో ఉంది.

ఇది తెలిశాక 1890 నాటి పటాన్ని మళ్లీ చూస్తే అది చేస్తున్న పని అర్థమవుతుంది. ఇంగ్లండులో చిత్తరువు అంటే హోదా పత్రం. ప్రొఫెషనల్స్ బొమ్మలు రాతి అచ్చుల్లో, పత్రికల్లో, సిగరెట్ పెట్టెల కార్డుల్లో దొరికేవి. పెద్ద కాన్వాస్ మీద నూనెరంగుల్లో నిలిచే యోగం ప్రభువులది, బిషప్‌లది, సైన్యాధిపతులది. క్లబ్ కోసం, ప్రభువు మనవడి చేత, క్లబ్ టోపీతో వేయించిన బొమ్మ గ్రేస్ జెంటిల్మన్ అని ధ్రువీకరిస్తుంది. పద్దుపుస్తకం చెప్పలేని మాట పటం చెప్పింది. స్టువర్ట్-వార్ట్లీ అబద్ధం వేశాడని దీనర్థం కాదు. ఆ బరువైన భుజాలు, బంతి మీద ఆ చూపు, ఎత్తిపెట్టిన ఆ పాదం నిజాలే. గ్రేస్ ఆటను ఆయన బాగా చూశాడు. వేయించుకున్నవారు మాత్రం ఆ మనిషిలో తమకు కావలసిన మనిషిని చూసుకున్నారు.

ఇంకో విచిత్రం ఉంది. పటం గీసేనాటికి గ్రేస్ పని అయిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. వయసు నలభై రెండు, నడుము చుట్టుకొలత పెరిగింది. ముగిసిన జీవితానికి స్మారకం అన్నట్టే పటం వెలిసింది. అయిదేళ్ల తర్వాత, 1895 మే నెలలో, నలభై ఆరేళ్ల వయసులో, ఆయన ఆ ఒక్క నెలలోనే వెయ్యి పరుగులు దాటి, నూరో శతకం కూడా కొట్టాడు. చివరి టెస్టు 1899లో, యాభై నిండాక. చివరి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ 1908లో. 1915 అక్టోబరులో కన్నుమూశాడు. లార్డ్స్‌లో ఆయన పేరిట కట్టిన ఇనుప గేట్లు 1923లో తెరిచారు. 1905లో హెన్రీ స్కాట్ ట్యూక్ అనే చిత్రకారుడు గ్రేస్ బొమ్మ వేశాడు కానీ, జనం మనసులో నిలిచిన గ్రేస్ 1890 నాటివాడే.

ఈ కథలో మన ప్రాంతం వాటా మద్రాసు మీదుగా వస్తుంది. గ్రేస్ పటం లండన్‌లో గోడకెక్కే కాలానికి ఇవాళ తిరుపతి జిల్లాలో ఉన్న మన సత్యవేడు చెంగల్పట్టు జిల్లాలోని ఊరు. చుట్టుపక్కల పల్లెలకు కోర్టైనా, కాలేజీ అయినా, సంత అయినా మద్రాసే దిక్కు. మద్రాసులో తెల్లవాళ్ల క్రికెట్ క్లబ్ 1846లోనే పుట్టింది. చేపాక్ మైదానం 1860లలో వాళ్ల చేతికొచ్చింది. అక్కడి పెవిలియన్‌లో భారతీయులకు చోటు లేదు. లార్డ్స్‌లో గేట్లు వేరు చేసిన బుద్ధే చేపాక్‌లో ఒంటి రంగును బట్టి వేరు చేసింది.

ఆ మైదానం బయట నిలబడి ఆట చూసిన తెలుగు కుర్రాడు బుచ్చిబాబు నాయుడు. పూర్తి పేరు మోదవరపు వెంకట మహీపతి నాయుడు, 1868లో పుట్టాడు. ప్యారీ కంపెనీకి దుబాసీలుగా పనిచేసి సంపాదించిన కుటుంబం, మైలాపూరులో లజ్ హౌస్ అనే పెద్ద బంగళా. ఇరవై ఏళ్లకే, 1888లో, భారతీయుల కోసం మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడు. బ్యాట్లు, ప్యాడ్లు కొనలేని పిల్లలకు తన డబ్బుతో కొనిచ్చాడు, మైదానం చూసుకున్నాడు, తెల్లవాళ్ల క్లబ్‌తో సమాన హోదాలో ఆడాలని పట్టుబట్టాడు. మద్రాసులోని యూరోపియన్లకూ భారతీయులకూ మధ్య ప్రెసిడెన్సీ మ్యాచ్ ఏర్పాటు వెనక ఉన్నది ఆయనే. 1908లో అది జరిగే ముందు చనిపోయాడు. నలభై ఏళ్లు మాత్రమే బతికాడు. సంక్రాంతి రోజుల్లో జరగడంతో పొంగల్ మ్యాచ్ అని పేరుపడిన ఆ పోటీ 1950ల ఆరంభం దాకా నడిచింది.

అమెచ్యూర్ అన్న మాటకు నిఘంటువులో ఉన్న అర్థం గ్రేస్ కంటే బుచ్చిబాబుకే నప్పుతుంది. గ్రేస్ ఆట మీద సంపాదించాడు, బుచ్చిబాబు ఆట మీద ఖర్చుపెట్టాడు. మద్రాసు ఆయనను పటంగా కాక పోటీగా గుర్తుంచుకుంది. బుచ్చిబాబు టోర్నమెంటు తర్వాత్తర్వాత దేశవ్యాప్త పోటీ అయింది. రంజీ సీజన్‌కు ముందు ఆటగాళ్లు కాళ్లూ చేతులూ సరిచూసుకునే చోటు అది. ఆయన కొడుకుల్లో సి. రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడి, 1936లో నలభై ఏళ్ల వయసులో ఇంగ్లండు మీద రెండు టెస్టులు కూడా ఆడాడు. రెండు ఆటల్లోనూ దేశానికి ఆడినవారు మనకు చాలా అరుదు.

ఇంగ్లండు నుంచి వచ్చిన అమెచ్యూర్ పద్ధతిలో అన్నిటికంటే బాగా వేళ్లూనినది కెప్టెన్సీ. ఆట ఎలా ఉన్నా హోదా ఉన్నవాడే నాయకుడు. దీనికి ఇద్దరు తెలుగువాళ్లే సాక్ష్యం. 1932లో ఇంగ్లండు వెళ్లిన జట్టుకు కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు. ఆయన తన బలమెంతో తెలిసి పక్కకు తప్పుకోవడంతో జూన్ 25న లార్డ్స్‌లో భారత తొలి టెస్టుకు సి.కె. నాయుడు నాయకత్వం వహించాడు. మచిలీపట్నం మూలాలున్న కుటుంబంలో నాగపూర్‌లో పుట్టిన కొఠారి కనకయ్య నాయుడు, గ్రేస్ బొమ్మ ఉన్న క్లబ్ పెవిలియన్ మెట్లు దిగి మైదానంలోకి నడిచాడు. నాలుగేళ్ల తర్వాత, 1936లో, అదే నాయుడు విజయనగరం మహారాజకుమారుడు విజ్జీ కింద ఆడవలసి వచ్చింది. విజ్జీ క్రికెట్ మీద ధారాళంగా ఖర్చుపెట్టాడు. 1930–31లో ఇంగ్లండు బ్యాట్స్‌మెన్ హాబ్స్, సట్‌క్లిఫ్ అంతటివాళ్లను పిలిపించి తన జట్టులో ఆడించాడు. కానీ మూడు టెస్టుల్లో ఆయన బ్యాటు చేసింది 33 పరుగులు. యాత్ర మధ్యలో మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపేశారు. విజ్జీకి మాత్రం ఆ యాత్రలోనే సర్ బిరుదు దక్కింది. లార్డ్స్ మార్కు అమెచ్యూర్ ఆదర్శాన్ని దాని తర్కం చివరిదాకా తీసుకుపోతే తేలే మనిషి విజ్జీ.

గ్రేస్ మార్కు సర్దుబాటు కూడా ఇక్కడ చేరింది, వేరే వేషంలో. 1920లలో హోల్కర్ మహారాజు సి.కె. నాయుడికి తన సైన్యంలో కొలువిచ్చాడు. తర్వాతి తరాల క్రికెటర్లకు బ్యాంకుల్లో, రైల్వేలో ఉద్యోగాలొచ్చాయి. రిజిస్టర్లో సంతకం ఆఫీసులో, పని మైదానంలో. ఆ రకం ఖర్చు పద్దులు కొన్ని వందల కుటుంబాలను నిలబెట్టాయి గనుక, దీన్ని తప్పుపట్టే నోళ్లు ఆంధ్రదేశంలో పెద్దగా లేవు.

ఇంగ్లండు ఈ వేషం తీసేయడానికి చాలా కాలం పట్టింది. 1906లో కెంట్ కౌంటీ ఛాంపియన్ అయితే, ఆ సంతోషంలో హ్యారిస్ ప్రభువు ఒక మ్యాచ్ చిత్రం వేయించాడు. 1890 నుంచి 1895 దాకా బొంబాయి గవర్నరుగా ఉన్నవాడే ఈ హ్యారిస్. చిత్రంలో బంతి వేస్తున్నది కొలిన్ బ్లైత్ అయి ఉండాలని చిత్రకారుడు షెవాలియర్ టేలర్‌కు షరతు పెట్టాడు. బ్లైత్ ప్రొఫెషనల్. కెంట్ ఆ చిత్రాన్ని 2006లో వేలం వేస్తే 6,80,000 పౌండ్లు పలికింది. ఒక ప్రొఫెషనల్‌ను నూనెరంగుల మధ్యలో పెట్టమని ప్రభువే అడగడం చిన్న మార్పు కాదు. కానీ అది జట్టు బొమ్మ. ఒక్కడి చిత్తరువు కాదు. 1962 నవంబరులో ఇంగ్లండు అమెచ్యూర్ హోదాను పూర్తిగా రద్దు చేసింది. ఆ రోజు నుంచి అందరూ క్రికెటర్లే.

ఎం.సి.సి. చిత్తరువులు వేయించడం మానలేదు. కపిల్ దేవ్, బిషన్ సింగ్ బేడి, దిలీప్ వెంగ్‌సర్కార్ బొమ్మలు వేయించింది. 2025 జూలైలో సచిన్ టెండూల్కర్ చిత్తరువును లార్డ్స్ మ్యూజియంలో ఆవిష్కరించారు; వేసినవాడు స్టువర్ట్ పియర్సన్ రైట్. కాన్వాస్‌కు బదులు గరుకు పెట్టిన అల్యూమినియం పలక మీద నూనెరంగులు వాడాడు. నిలువెత్తు బొమ్మ కాదు. తల, భుజాల వరకే. ఈ బొమ్మల్లోని ఆటగాళ్లు ఎవరూ అమెచ్యూర్లు కారు.